టీవీ వెనుక మీరే అమర్చుకున్న ఎల్‌ఈడీ వెలుగు మొరాయిస్తే లోపాన్ని ఎలా పట్టుకోవాలి

తెరపై మారే రంగులకు అనుగుణంగా టీవీ వెనుక గోడ మీద వెలుగును పరిచే ఏర్పాటును ఫిలిప్స్ సంస్థ 2004లో తన టీవీలతో ప్రవేశపెట్టింది. ఇప్పుడు అదే పనిని ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్, ఒక చిన్న కంట్రోలర్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వంటి ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవారు సామాన్లు ఆన్‌లైన్‌లోనో హైదరాబాద్ కోఠీ నుంచో తెప్పించుకొని దీన్ని అమర్చుకుంటున్నారు. అమర్చడం కష్టం కాదు. కొన్నాళ్లకు సగం స్ట్రిప్ ఆరిపోయినప్పుడో, రంగులు పిచ్చిగా మెరిసినప్పుడో లోపం ఎక్కడుందో కనిపెట్టడమే కష్టం. అలాంటప్పుడు చాలామంది వెంటనే ఫోన్ తీసి యాప్‌లో సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. నా దృష్టిలో అది పూర్తిగా తలకిందుల పద్ధతి. కరెంటు నుంచి మొదలుపెట్టి, గ్రౌండు, డేటా, నెట్‌వర్కు, చిత్రం అనే వరుసలో ముందుకు సాగితే, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో అనుమానం తొలగిపోతూ లోపం తనంతట తానే బయటపడుతుంది.

ఇక్కడ చెబుతున్నది టీవీ వెనుక, బయట అతికించిన స్ట్రిప్ గురించి మాత్రమే. తెర లోపల ఉండే ఎల్‌ఈడీ పట్టీలు పోయి బొమ్మ నల్లబడి మాటలు మాత్రమే వినిపిస్తుంటే అది వేరే జబ్బు. దానికి టీవీని మీరు విప్పవద్దు, మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.

మొదటి పని: అమరికను కాగితం మీద గీయండి

ఎక్కువ ఇళ్లలో కనిపించే అమరికనే ఉదాహరణగా తీసుకుందాం. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక స్ప్లిటర్‌లోకి వెళ్తుంది. స్ప్లిటర్ నుంచి ఒక కేబుల్ టీవీకి, రెండవది చిత్రాన్ని కంప్యూటర్ చదవగలిగేలా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు ద్వారా రాస్ప్‌బెర్రీ పైకి (ఇకపై ‘పై’ అన్నా ఇదే) వెళ్తుంది. ఈ పైలో నడిచే హైపీరియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చిత్రం అంచుల్లోని రంగులను లెక్కించి, వైఫై ద్వారా నోడ్‌ఎంసీయూ అనే కంట్రోలర్ బోర్డుకు పంపుతుంది. ఆ బోర్డులోని డబ్ల్యూఎల్‌ఈడీ ప్రోగ్రాం వాటిని డబ్ల్యూఎస్2812బీ రకం స్ట్రిప్‌కు అందిస్తుంది. స్ట్రిప్‌కు కావలసిన 5 వోల్టులను, ఇంటి 230 వోల్టుల కరెంటును తగ్గించి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె ఇస్తుంది. మీ ఇంట్లో దీనికి భిన్నంగా ఉంటే ఉన్నది ఉన్నట్లు గీసుకోండి. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో, స్ట్రిప్ ఏ మూల నుంచి మొదలై ఎటు తిరుగుతోందో, మొత్తం ఎన్ని ఎల్‌ఈడీలున్నాయో అందులో రాయండి. ఈ కాగితం చేతిలో లేకుండా చేసే తనిఖీ ఎక్కువగా ఊహ మీదే నడుస్తుంది.

కావలసిన పరికరాలు తక్కువే: ఒక మామూలు మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్, కొన్ని అడుగుల మంచి రాగి వైరు. ఎస్‌ఎంపీఎస్ స్క్రూలు ముట్టుకునే ముందు స్విచ్ ఆఫ్ చేయడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గును బోర్డు నుంచి తప్పక పీకేయండి. జాలీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో 230 వోల్టుల స్క్రూలు, 5 వోల్టుల స్క్రూలు ఒకే వరుసలో పక్కపక్కనే ఉంటాయి. ఆ వరుసపై ఉండే ప్లాస్టిక్ మూత ఊడిపోయి ఉంటే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని పెట్టండి.

రెండవ పని: కరెంటు సరిపోతోందా లెక్క కట్టండి

ఇంట్లో చేసిన అమరికల్లో వచ్చే లోపాలకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత దాదాపు 3 మీటర్లు. మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న స్ట్రిప్ వాడితే మొత్తం 180 ఎల్‌ఈడీలు. ఒక్కో ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పూర్తిగా వెలిగినప్పుడు గరిష్ఠంగా 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందని లెక్కవేస్తే, మొత్తం 10.8 ఆంపియర్లు అవుతుంది. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900 మిల్లీఆంపియర్లు మాత్రమే. అందువల్ల స్ట్రిప్‌ను టీవీ యూఎస్‌బీ పోర్టుకో మొబైల్ ఛార్జర్‌కో కలిపి ఉంటే, చీకటి సన్నివేశాల్లో బాగానే ఉండి, తెర తెల్లబడగానే ఆరిపోవడం లేదా బోర్డు రీస్టార్ట్ కావడం సహజం. అది లోపం కాదు, లెక్క తప్పడం.

మీ ఎస్‌ఎంపీఎస్ 5 ఆంపియర్లదే అయితే కొత్తది కొననవసరం లేదు. డబ్ల్యూఎల్‌ఈడీలో స్ట్రిప్ వాడగల గరిష్ఠ కరెంటును పరిమితం చేసే సెట్టింగు ఉంది. దాన్ని 4000 మిల్లీఆంపియర్లకు కుదిస్తే, ఎక్కువ తెలుపు వచ్చినప్పుడు ప్రోగ్రామే వెలుగును తగ్గించుకుంటుంది. టీవీ వెనుక గోడకు పూర్తి వెలుగు ఎన్నడూ అవసరం పడదు కనుక చూసేవారికి తేడా దాదాపు తెలియదు.

ఇప్పుడు మీటరు పట్టండి. స్ట్రిప్ మొత్తాన్ని తెల్లగా వెలిగించి, మొదట ఎస్‌ఎంపీఎస్ స్క్రూల వద్ద, తర్వాత మొదటి ఎల్‌ఈడీ దగ్గర, చివరికి ఆఖరి ఎల్‌ఈడీ దగ్గర వోల్టేజీ కొలిచి కాగితం మీద రాసుకోండి. ఎస్‌ఎంపీఎస్ వద్ద 5 వోల్టులు ఉండి, స్ట్రిప్ మొదట్లోనే 4.6కు పడిపోతే మధ్యనున్న వైరు సన్నంగా ఉందని అర్థం. బ్రెడ్‌బోర్డు కోసం అమ్మే సన్నని జంపర్ వైర్లను కొందరు కరెంటుకు కూడా వాడుతుంటారు. అవి డేటాకు పనికొస్తాయి కాని అన్ని ఆంపియర్లను మోయలేవు, వేడెక్కుతాయి. వాటి స్థానంలో కనీసం 1 చదరపు మిల్లీమీటరు వైరు వేయండి. మొదట్లో సరిగా ఉండి చివర 4.5 కంటే తక్కువ చూపిస్తే, స్ట్రిప్‌లోని పల్చని రాగి పొర అంత దూరం కరెంటును మోయలేకపోతోంది. తెల్లని వెలుగు చివరికి వెళ్లేకొద్దీ పసుపు, ఎరుపు వైపు తిరగడం దీని గుర్తు. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకు ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి గనుక వోల్టేజీ పడిపోయినప్పుడు ముందుగా అవే మసకబారుతాయి. ఎస్‌ఎంపీఎస్ నుంచి మరో జత వైర్లను, ప్లస్సు మైనస్సు రెండింటినీ, స్ట్రిప్ చివరికి కూడా తీసుకెళ్లి కలపండి. ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే చిన్న స్క్రూను తిప్పి వోల్టేజీ పెంచి ఈ లోటు పూడ్చాలని చూడవద్దు; ఈ ఎల్‌ఈడీల గరిష్ఠ పరిమితి 5.3 వోల్టులు, అది దాటితే ముందుగా బలయ్యేది ఎస్‌ఎంపీఎస్‌కు దగ్గరగా ఉన్నవే.

టీవీ నాలుగు మూలల్లో స్ట్రిప్‌ను తిప్పడానికి ప్లాస్టిక్ క్లిప్ కనెక్టర్లు వాడి ఉంటే వాటిని ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడండి. నొక్కినప్పుడు వెలుగు మారితే లోపం అక్కడే ఉంది. నా సలహా ఏమిటంటే, క్లిప్పులను తీసేసి మూడు చిన్న వైర్లతో సోల్డరింగ్ చేయడమే శాశ్వత పరిష్కారం.

మూడవ పని: గ్రౌండు, డేటా చూడండి

కరెంటు సరిగా ఉండి కూడా రంగులు ఇష్టం వచ్చినట్లు మెరుస్తుంటే, మొదటి అనుమానం గ్రౌండు మీద పెట్టుకోండి. బోర్డుకు ఒక ఛార్జరు, స్ట్రిప్‌కు మరో ఎస్‌ఎంపీఎస్ వాడుతున్నప్పుడు ఆ రెండింటి మైనస్సులు కలిసి ఉండాలి. ప్లగ్గులు పీకి, మల్టీమీటర్‌ను బీప్ శబ్దం వచ్చే స్థానంలో ఉంచి, బోర్డు మీది జీఎన్‌డీ పిన్ను, స్ట్రిప్ మైనస్సు మధ్య తాకించండి. బీప్ రాకపోతే మీ డేటాకు ఆధారమే లేదన్నమాట.

తర్వాత దిశ. స్ట్రిప్ మీద చిన్న బాణం గుర్తులుంటాయి. డేటా ఆ బాణం వైపుగానే ప్రవహిస్తుంది. తప్పు చివర కలిపితే ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలగదు. బోర్డు మీది పిన్ను కూడా సెట్టింగులో రాసిన దానితో సరిపోవాలి. నోడ్‌ఎంసీయూ మీద డీ4 అని ముద్రించిన పిన్నుకు ప్రోగ్రాంలో సంఖ్య 2 అన్నది గుర్తుంచుకుంటే చాలా అయోమయం తప్పుతుంది.

ఇక సూక్ష్మమైన విషయం ఒకటుంది. డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ తనకు అందే సంకేతాన్ని ‘ఉంది’ అని గుర్తించాలంటే అది సరఫరా వోల్టేజీలో 70 శాతం, అంటే 5 వోల్టులకు 3.5 వోల్టులు ఉండాలి. నోడ్‌ఎంసీయూ ఇచ్చేది 3.3 వోల్టులే. చాలాసార్లు అది కూడా పనిచేస్తుంది; అందుకే లోపం నెలల తరబడి దాక్కుని, ఎయిర్ కూలర్ వేసినప్పుడో, చోక్‌తో నడిచే పాత ట్యూబులైటు వెలిగినప్పుడో మాత్రమే మెరుపులుగా బయటపడుతుంది. దీనికి సరైన మందు 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న ఐసీ, అది 3.3 వోల్టుల సంకేతాన్ని 5 వోల్టులకు పెంచుతుంది. అది దొరికేలోగా మరో ఉపాయం ఉంది. స్ట్రిప్ నుంచి ఒక ఎల్‌ఈడీని విడిగా కత్తిరించి మొదట్లో పెట్టి, దాని ఒక్కదాని ప్లస్సు తీగలో మాత్రమే 1ఎన్4007 డయోడును కలపండి. అప్పుడు దానికి సుమారు 4.3 వోల్టులే అందుతాయి, దానిలో 70 శాతం 3.01 వోల్టులు కాబట్టి 3.3 వోల్టుల సంకేతం నిశ్చింతగా సరిపోతుంది; ఆ ఎల్‌ఈడీ నుంచి బయటికి వచ్చే సంకేతం తర్వాతి వాటికి చాలినంత బలంగా ఉంటుంది. ఏ మార్గం ఎంచుకున్నా బోర్డును స్ట్రిప్ మొదటికి దగ్గరగా జరపండి, డేటా తీగలో మొదటి ఎల్‌ఈడీకి దగ్గరగా 330 ఓముల రెసిస్టరు పెట్టండి, స్ట్రిప్ మొదట్లో ప్లస్సు మైనస్సుల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ధ్రువాలు తారుమారు కాకుండా కలపండి.

కొంతవరకు వెలిగి ఆ తర్వాత అంతా ఆరిపోతే కారణం వెతకడం తేలిక. పంక్తిలో కూర్చున్నవారు విస్తరాకుల కట్టలోంచి తమది తీసుకొని మిగతా కట్టను పక్కవారికి అందించినట్లు, ప్రతి ఎల్‌ఈడీ తనకు చెందిన 24 బిట్లను తీసుకొని మిగతావాటిని ముందుకు పంపుతుంది. ఒకటి అందించడం మానేస్తే దాని తర్వాతివన్నీ ఖాళీగా మిగులుతాయి. కాబట్టి తప్పు సరిగా వెలుగుతున్న ఆఖరి ఎల్‌ఈడీలోనైనా ఉండాలి, వెలగని మొదటి ఎల్‌ఈడీలోనైనా ఉండాలి, ఆ రెండింటి మధ్య టంకంలోనైనా ఉండాలి. టంకాన్ని మళ్లీ వేడి చేసి చూడండి. అయినా మారకపోతే రెండు ఎల్‌ఈడీలనూ కత్తిరించి కొత్తవి అతకండి. అయితే కత్తెర పట్టే ముందు సెట్టింగులో ఎల్‌ఈడీల సంఖ్య ఒకసారి చూడండి. అక్కడ 180కి బదులు 120 అని ఉంటే మిగతా 60 వెలగకపోవడంలో స్ట్రిప్ తప్పేమీ లేదు.

నోడ్‌ఎంసీయూకు బదులు ఆర్డ్వినో బోర్డును యూఎస్‌బీ కేబుల్‌తో రాస్ప్‌బెర్రీ పైకి కలిపినవారికి సంకేతం 5 వోల్టులే గనుక ముందు చెప్పిన 3.3 వోల్టుల చిక్కు రాదు, కాని వేగం చిక్కు వస్తుంది. 180 ఎల్‌ఈడీలకు ఒక్క ఫ్రేముకు 540 బైట్లు, వాటి ముందు మరో 6 బైట్లు పంపాలి. 115200 బాడ్ రేటులో (సమాచారం పంపే వేగంలో) సెకనుకు 11520 బైట్లే వెళ్తాయి కాబట్టి 21 ఫ్రేములకు మించి రావు, వెలుగు తెర కంటే కుంటుతూ నడుస్తుంది. బోర్డు ప్రోగ్రాంలోనూ హైపీరియన్‌లోనూ రేటును 500000కు మార్చండి. రెండు చోట్లా ఒకటే ఉండాలి, లేకపోతే అర్థం లేని రంగులు వస్తాయి.

నాల్గవ పని: కరెంటు పోయి వచ్చిన తర్వాత పనిచేయకపోతే

ఎండాకాలం సాయంత్రాల్లో గాలిదుమారం లేచి కరెంటు పోయి వచ్చే మన ప్రాంతంలో ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తుంది. నిన్నటిదాకా చక్కగా నడిచిన వెలుగు ఇవాళ నారింజ రంగులో నిలిచిపోయి కదలదు. నిజానికి ఆ నారింజ రంగు శుభసూచనే. డబ్ల్యూఎల్‌ఈడీ ఆన్ కాగానే తనంతట తాను చూపే రంగు అది. అంటే ఎస్‌ఎంపీఎస్, బోర్డు, స్ట్రిప్, టంకాలు అన్నీ బాగున్నాయి. రాస్ప్‌బెర్రీ పై నుంచి రంగుల సమాచారం రావడం లేదు, అంతే. ఈ దశలో ఏ తీగనూ ముట్టుకోవద్దు.

ముందుగా రాస్ప్‌బెర్రీ పై పూర్తిగా మేల్కొనేదాకా ఆగండి; బోర్డు కొద్ది సెకన్లలో లేస్తుంది, పైకి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అప్పటికీ మార్పు లేకపోతే ఫోన్‌లో వైఫై జాబితా తెరవండి. అందులో డబ్ల్యూఎల్‌ఈడీ పేరుతో కొత్త హాట్‌స్పాట్ కనిపిస్తే, బోర్డు మీ రౌటరును పట్టుకోలేక తన సొంత నెట్‌వర్కు తెరిచిందన్నమాట. బోర్డును ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సాధారణంగా కలుస్తుంది. కలవకపోతే రౌటరులో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఆన్‌లో ఉందో లేదో చూడండి. నోడ్‌ఎంసీయూలో ఉండే ఈఎస్‌పీ8266 చిప్పు 5 గిగాహెర్ట్జ్‌ను అందుకోలేదు.

హాట్‌స్పాట్ కనిపించకుండా నారింజ రంగు మాత్రం అలాగే ఉంటే, రౌటరు తిరిగి మొదలైనప్పుడు బోర్డుకు కొత్త ఐపీ చిరునామా ఇచ్చి ఉండవచ్చు. హైపీరియన్ ఇంకా పాత చిరునామాకే రంగులు పంపుతూ ఉంటుంది. రౌటరు సెట్టింగులో బోర్డుకు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించి, అదే చిరునామాను హైపీరియన్‌లో రాయండి. కరెంటు తరచూ పోయే ఇంట్లో ఈ ఒక్క పని చేసిపెట్టుకోకపోతే ప్రతి గాలివానకూ ఇదే తిప్పలు వస్తాయి. ఇన్వర్టరు ఉన్నవారు రౌటరు, పై, బోర్డు మూడింటినీ దాని మీదకే మార్చుకోవడం మంచిది. కరెంటు హఠాత్తుగా పోవడం వల్ల పైలోని మెమరీ కార్డు కూడా పాడవవచ్చు. పై అసలు లేవడం లేదంటే ముందుగా దాన్నే అనుమానించండి. అన్నీ సరిగా కుదిరిన రోజున ఆ కార్డుకు ఒక నకలు తీసి పెట్టుకోండి.

పై దాని స్క్రీను మీద మెరుపు గుర్తు చూపుతుంటే దానికి చాలినంత వోల్టేజీ అందడం లేదు. నాలుగవ తరం పైకి 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పాత ఫోన్ ఛార్జర్ సరిపోదు.

ఐదవ పని: చిత్రం అందుతోందో లేదో తేల్చుకోండి

హైపీరియన్‌లో ప్రత్యక్ష చిత్రాన్ని చూపే కిటికీ తెరవండి. అక్కడ బొమ్మ కనిపిస్తుంటే ఈ మెట్టు దాటండి. కనిపించకపోతే మీరు చూస్తున్నది దేని నుంచి వస్తోందో గుర్తు చేసుకోండి. స్మార్ట్ టీవీలోని యాప్‌లో సినిమా చూస్తుంటే ఆ చిత్రం టీవీ లోపలే పుట్టి లోపలే తెర చేరుతుంది, బయటి స్ప్లిటర్ దాకా రానే రాదు. ఇలాంటి క్యాప్చర్ పద్ధతిలో సెట్‌టాప్ బాక్సు, స్ట్రీమింగ్ స్టిక్ వంటి బయటి పరికరాల చిత్రానికి మాత్రమే వెలుగు స్పందిస్తుంది. కొన్ని ఛానళ్లకు, కొన్ని యాప్‌లకు మాత్రమే నల్లగా వస్తుంటే అది నకలు తీయకుండా అడ్డుకునే హెచ్‌డీసీపీ అనే రక్షణ ఏర్పాటు ఫలితం, మీ వైరింగు లోపం కాదు. స్ప్లిటర్ పెట్టాక 4కే చిత్రం 1080పీకి తగ్గిపోయినా ఆశ్చర్యపోవద్దు. కొన్ని స్ప్లిటర్లు తమకు కలిపిన రెండు పరికరాల్లో తక్కువ సామర్థ్యం ఉన్నదానికి తగ్గట్టుగానే సంకేతాన్ని అడుగుతాయి.

బొమ్మ వస్తోంది గాని రంగులు తప్పు పక్కన వెలుగుతున్నాయంటే దిశల లెక్క తప్పింది. ఎడమ సగం ఎరుపు, కుడి సగం నీలం ఉన్న బొమ్మనొకదాన్ని తెర మీద పెట్టి చూడండి. హైపీరియన్ సవ్యదిశ అని చెప్పేది టీవీకి ఎదురుగా కూర్చున్నవారి కంటితో. స్ట్రిప్ అతికించేటప్పుడు మనం టీవీ వెనుక నిలబడి ఉంటాం కాబట్టి కుడి ఎడమలు మారిపోతాయి. సినిమా చూసేటప్పుడు మాత్రమే పైనా కిందా వెలుగు ఆరిపోతుంటే, తెర పైనా కిందా ఉండే నల్లని పట్టీలనే సాఫ్ట్‌వేర్ చిత్రంగా లెక్కిస్తోంది. నల్ల అంచులను గుర్తించే సెట్టింగు ఆన్ చేయండి.

ఆరవ పని: రంగులు సరిచేయండి

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తోందంటే రంగుల వరుస తప్పుగా ఎంచుకున్నారు. డబ్ల్యూఎస్2812బీకి ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, చివర నీలం. చీకటి సన్నివేశాల్లో కూడా గోడ అవసరానికి మించి వెలుగుతుంటే గామా దిద్దుబాటును (వెలుగు తీవ్రతను కంటికి తగ్గట్టు సర్దే సెట్టింగును) 2.2 దగ్గర పెట్టండి. ఆ దిద్దుబాటు హైపీరియన్‌లోనూ డబ్ల్యూఎల్‌ఈడీలోనూ రెండు చోట్లా పెడితే మసక వెలుగులన్నీ చీకట్లో కలిసిపోతాయి, అందుకే ఒక్కచోటే ఉంచండి. ఫోన్‌లో వీడియో తీసినప్పుడు మాత్రమే గోడ మీద గీతలు కదులుతుంటే అది ఎల్‌ఈడీలు వేగంగా వెలిగి ఆరే పద్ధతికీ కెమెరా వేగానికీ కుదరకపోవడం; కంటికి కనిపించని దానికి మరమ్మతు అక్కర్లేదు.

గోడ రంగు గురించి శ్రద్ధగా ఆలోచించండి, ఎందుకంటే వెలుగును మీ కంటికి చేర్చేది గోడే. మన ఇళ్లలో హాలు గోడలకు లేత ఆకుపచ్చ, లేత నీలం, గులాబీ రంగులు వేయించడం మామూలు. అలాంటి గోడ మీద తెలుపు తెలుపుగా కనిపించదు. తెర మీద పూర్తి తెల్లని బొమ్మ పెట్టి, పక్కన గోడ కూడా అదే తెలుపుగా కనిపించేదాకా హైపీరియన్‌లో తెలుపు రంగు విలువలను తగ్గిస్తూ రండి. ఆకుపచ్చ గోడకు ఆకుపచ్చను, నీలం గోడకు నీలాన్ని తగ్గించాలి. ఈ పనిని పగటి వెలుగులో కాకుండా, రోజూ టీవీ చూసే సమయంలో, అదే ట్యూబులైటు కింద చేయండి. టీవీ షోకేసు గూటిలో ఉంటే పక్క పలకలు గోడ కంటే దగ్గరగా ఉండి మండుతున్నట్లు కనిపిస్తాయి కాబట్టి ఎడమ, కుడి వైపుల వెలుగును మాత్రమే కొంత తగ్గించుకోవడం బాగుంటుంది.

ఏడవ పని: వేడి, దుమ్ము, పురుగూ పుట్రా

మే నెలలో వరంగల్‌లో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో టీవీ వెనుక గాలి ఇంకా వేడిగా ఉంటుంది. స్ట్రిప్ వెనుక జిగురు మెత్తబడి మూలల్లో ఊడి వేలాడుతుంది. ఊడిన స్ట్రిప్ బరువు టంకాల మీద పడి తీగలు తెగవచ్చు. టీవీ వీపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అల్యూమినియం పట్టీలు బిగించి, వాటి మీద స్ట్రిప్ అతికిస్తే అటు వేడీ పోతుంది, ఇటు పట్టూ నిలుస్తుంది. టీవీ గాలి రంధ్రాల మీదుగా మాత్రం పట్టీ పోనీయవద్దు.

వెలుగుకు పురుగులు, పురుగులకు బల్లులు చేరడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. జాలీ ఎస్‌ఎంపీఎస్‌లోకి బల్లి దూరితే షార్టు కావచ్చు, కనుక దాన్ని టీవీ వెనుక నేరుగా వేలాడదీయకుండా గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టి, రంధ్రాలకు సన్నని దోమల జాలీ బిగించండి. ఎస్‌ఎంపీఎస్‌కు ఎర్తు తీగను తప్పక కలపండి, 5 వోల్టుల వైపు ప్లస్సు తీగలో దాని సామర్థ్యానికి తగిన ఫ్యూజు పెట్టండి. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ప్లగ్గు పీకి, మెత్తని బ్రష్షుతో ఆ జాలీ మీద పేరుకున్న దుమ్ము తీసి, మూలల్లోని టంకాలను మరోసారి మీటరుతో చూసి, మొదట గీసిన కాగితం మీద ఆ రోజు కొలిచిన వోల్టేజీలను తేదీతో సహా రాసి డబ్బా మూతకు లోపలివైపు అతికించండి.